తామరాకు తరహా పూత వేలితో రుద్దగానే పోతోంది: ప్లాస్టిక్ మీద నిలిచేలా చేయడం ఎలా?

గుంటూరు_సెన్సర్
మిరప తోటల్లో పెట్టే సెన్సర్ పెట్టెలకు పాలీప్రొపిలీన్ మూతలు తయారు చేయడం నా ఎం.టెక్. ప్రాజెక్టు. వాన నీరు మూత మీద నిలవకూడదు, జారే నీరే దుమ్మును కూడా తీసుకుపోవాలి. నీటిని తోసే గుణమిచ్చే హెక్సామిథైల్‌డైసిలజేన్ అనే రసాయనంతో శుద్ధి చేసిన సిలికా నానోకణాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి స్ప్రే గన్‌తో కొట్టి ఆరబెట్టాను. స్పర్శకోణం (బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం, ఎంత ఎక్కువైతే బొట్టు అంత గుండ్రంగా నిలుస్తుంది) 158 డిగ్రీలు వచ్చింది, చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ బొటనవేలితో గట్టిగా రుద్దితే తెల్లటి పొడి వేలికి అంటుకుని వస్తోంది, ఆ చోట పడిన బొట్టు కదలకుండా కూర్చుంటోంది. ప్రచురితమైన పరిశోధనా పత్రాలన్నీ తమ పూత మన్నికైనదనే చెబుతాయి గానీ ఒక్కొక్కరు ఒక్కో పరీక్ష చేసి ఆ మాట అంటున్నారు. ప్రకృతిని చూసి నేర్చుకున్న ఈ గుణాన్ని పాలిమర్ మీద నిజంగా నిలబెట్టే మార్గం ఏదో అనుభవమున్నవారు చెప్పగలరా?

కొలత_ముఖ్యం
స్పర్శకోణం ఒక్కటే చెప్పారు. పలకను ఎంత వంచితే బొట్టు జారుతోంది? ఎన్ని మైక్రోలీటర్ల బొట్టుతో కొలిచారు? ఈ రెండూ లేకుండా 158 అన్న అంకెకు అర్థం లేదు. గులాబీ రేకు మీద కూడా స్పర్శకోణం 150 దాటుతుంది, కానీ రేకును తలకిందులు చేసినా బొట్టు వేలాడుతూనే ఉంటుంది.

గుంటూరు_సెన్సర్
10 మైక్రోలీటర్ల బొట్టు కొత్త పూత మీద 4 డిగ్రీల వంపుకే జారిపోయింది. రుద్దిన చోట పలకను నిలువుగా పట్టుకున్నా జారలేదు. అక్కడ కూడా స్పర్శకోణం 140 దాకా ఉండటమే నాకు ఆశ్చర్యం కలిగించింది.

పాలిమర్_పంతులు
అందులో ఆశ్చర్యమేమీ లేదమ్మా. మీ పూతలో రసాయనం పోలేదు, నిర్మాణం పోయింది.

నునుపైన ఉపరితలం మీద ఎంత గొప్ప రసాయనం పూసినా నీటి స్పర్శకోణం 120 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పూర్తిగా ఫ్లోరిన్ గుంపులతో కప్పినా అంతే. 150 దాటాలంటే గరుకుదనం ఉండాలి, ఆ గరుకు సందుల్లో గాలి నిలవాలి. 1936లో వెన్జెల్ రాసిన సమీకరణం నీరు సందుల్లోకి పూర్తిగా దిగిన స్థితిని వర్ణిస్తుంది. 1944లో క్యాసీ, బాక్స్‌టర్ రాసినది నీరు శిఖరాల మీదే కూర్చుని కింద గాలి మిగిలిన స్థితిని వర్ణిస్తుంది. మీ కొత్త పూత రెండో స్థితిలో ఉంది, రుద్దిన చోట మొదటి స్థితికి దిగిపోయింది.

ఇక అసలు చిక్కు ఏమిటంటే, నునుపు స్థితిలో 110 డిగ్రీలు ఇచ్చే పదార్థంతో 159 డిగ్రీలు రావాలంటే క్యాసీ లెక్క ప్రకారం బొట్టు అడుగు భాగంలో పదో వంతు మాత్రమే ఘనపదార్థాన్ని తాకాలి, మిగతాదంతా గాలి మీద ఉండాలి. అదే శిఖరాల మీద మీ బొటనవేలు పడినప్పుడు, వేలు మోపిన బలమంతా ఆ పదో వంతు విస్తీర్ణం మీదే పడుతుంది, అంటే ఒత్తిడి పది రెట్లవుతుంది. నీటిని ఎంత బాగా తోస్తే ఒరిపిడికి అంత బలహీనంగా ఉండటం ఈ నిర్మాణాల స్వభావంలోనే ఉంది. జిగురు మార్చినంత మాత్రాన ఇది తీరదు.

ఆకుల_పరిశీలన
పంతులు గారి మాటకు వృక్షశాస్త్రం వైపు నుంచి ఒక చేర్పు. తామరాకు కూడా మన్నికైనది కాదు. చెరువులో నుంచి తెచ్చిన ఆకును వేలితో రాసి చూడండి, రాసిన చోట నీరు అంటుకుంటుంది. బాన్ విశ్వవిద్యాలయంలో బార్త్‌లాట్, నైన్‌హుయిస్ 1997లో వివరించినట్టు, ఆకు పై కణాలు ఒక్కొక్కటి బొడిపెలా పైకి లేచి ఉంటాయి, వాటిని కప్పుతూ దాదాపు వంద నానోమీటర్ల మందంగల మైనపు గొట్టాలు ఉంటాయి. ఆ మైనం 90 డిగ్రీలు దాటితే గానీ కరగదు కనుక మన ఎండలు దాన్ని ఏమీ చేయలేవు. ఆకు బతికున్నంత కాలం అరిగిన మైనాన్ని మళ్లీ స్రవించుకుంటుంది. మనం ఆకారాన్ని మాత్రమే కాపీ చేసి, మరమ్మతు చేసే జీవాన్ని వదిలేశాం. మన పాలిమర్‌లో ఆ మరమ్మతుకు బదులు ఏముందన్న ప్రశ్న నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

చేమాకు
మా పెరట్లో చేమాకుల మీద కూడా ఇదే చూస్తాను. లేత ఆకు మీద బొట్టు పరుగెడుతుంది, ముదిరి దుమ్ము పట్టిన ఆకు మీద పరుచుకుంటుంది.

విశాఖ_లైన్లు
ఆకుల_పరిశీలన గారు అడిగిన ప్రశ్నకు జవాబు కొన్ని దశాబ్దాలుగా కరెంటు స్తంభాల మీదే వేలాడుతోంది, అందుకే ఈ చర్చలో కలుగజేసుకుంటున్నాను.

సముద్రతీరంలో పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటుంది. తెల్లవారుజామున మంచు పడితే ఆ ఉప్పు కరిగి ఇన్సులేటర్ పొడవునా తడి పొర ఏర్పడుతుంది, దాని మీదుగా కరెంటు పాకి చివరికి ఫ్లాష్‌ఓవర్, అంటే ఇన్సులేటర్ ఉపరితలం మీదుగా కరెంటు మెరుపులా దూకడం, జరుగుతుంది. అందుకే తీరప్రాంతాల్లో సిలికోన్ రబ్బరు ఇన్సులేటర్లు, లేదా పింగాణీ మీద సిలికోన్ పూత వాడతాం. సిలికోన్ రబ్బరు స్పర్శకోణం 110కి అటూఇటూ మాత్రమే, తామరాకుతో పోల్చదగినది కాదు. అయినా ఆరుబయట ఎండకూ ఉప్పుగాలికీ ఏళ్ల తరబడి పని చేస్తుంది.

కారణం ఏమిటంటే, ఆ రబ్బరు లోపల గొలుసుకట్టులో చేరని చిన్న సిలికోన్ అణువులు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. అవి మెల్లగా పైకి ఊరుతూ, ఉపరితలం మీద పేరుకున్న మురికి పొరలోకి కూడా చొరబడి ఆ మురికినే నీరంటనిదిగా మారుస్తాయి. విద్యుత్ మెరుపుల వల్ల ఉపరితలం పాడై నీటిని అంటించుకోవడం మొదలుపెట్టినా, కొన్ని గంటలో రోజులో విశ్రాంతి దొరికితే గుణం తిరిగి వస్తుంది. తామరాకు మైనం స్రవించినట్టే ఇక్కడ రబ్బరు తన నూనెను స్రవిస్తోంది. తనిఖీ కూడా తేలికే. స్ప్రే సీసాతో నీళ్లు కొట్టి, విడివిడి బొట్లుగా నిలిస్తే ఒకటో తరగతి, మొత్తం ఒకే పొరగా పరుచుకుంటే ఏడో తరగతి అని మధ్యలో మెట్లు పెట్టుకుని రాసుకుంటాం.

పొలంలో పెట్టే పెట్టె మూతకు 158 డిగ్రీలు అవసరమా అని నాకు సందేహం. మూతను ఏటవాలుగా చేసి, పైన సిలికోన్ పొర వేస్తే చాలదా?

కొలత_ముఖ్యం
చాలదని నా అభిప్రాయం. సిలికోన్ రబ్బరు మీద పెద్ద చినుకులు జారుతాయి గానీ చిన్న బొట్లు నిలిచిపోతాయి, అవి ఆరినప్పుడు దుమ్మును అక్కడే వదిలి వలయాలుగా మిగులుస్తాయి. మెత్తటి సిలికోన్‌కు దుమ్ము అంటుకునే గుణం కూడా ఉంది. ఇన్సులేటర్‌కు నల్లబడినా నష్టం లేదు, సెన్సర్ మూతకు కిటికీ ఉంటే నష్టమే.

విశాఖ_లైన్లు
దుమ్ము సంగతి ఒప్పుకుంటాను. మా ఇన్సులేటర్లు ఒక వానాకాలం గడిచేసరికి నల్లగా కనిపిస్తాయి. కానీ నల్లగా ఉండి కూడా నీటిని తోస్తాయన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

సూరత్_ఫినిషింగ్
బట్టల ఫినిషింగ్‌లో ఉన్నవాడిగా రెండు మాటలు. మా దగ్గర నీరంటని బట్ట అంటే చాలాకాలం ఎనిమిది కర్బనాల ఫ్లోరో రసాయనమే. బట్టను ద్రావణంలో ముంచి, రోలర్ల మధ్య పిండి, స్టెంటర్ అనే వేడిగాలి యంత్రంలో ఆరబెట్టి వేడితో పట్టించేవాళ్లం. చాలా ఉతుకులకు నిలిచేది. ఆ రసాయనాలు విడిపోతే మిగిలే పీఎఫ్‌ఓఏ అనే ఆమ్లం నీటిలోనూ మనిషి ఒంట్లోనూ చేరి ఏళ్ల తరబడి పోదని తేలడంతో, 2019లో దాన్ని స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిషేధిత జాబితాలో చేర్చారు. ఆ తర్వాత ఆరు కర్బనాలకు వచ్చాం, ఇప్పుడు యూరప్ కొనుగోలుదారులు ఫ్లోరిన్ అసలు లేనిదే అడుగుతున్నారు. మైనం, సిలికోన్ ఆధారిత ఫినిష్‌లు నీటిని బాగానే తోస్తాయి, నూనెను మాత్రం తోయలేవు.

మన్నిక గురించి మాకు తెలిసిన ఒక సంగతి మీకు పనికి రావచ్చు. ఫ్లోరో ఫినిష్ ఉన్న జాకెట్ ఉతికాక నీరు పీల్చడం మొదలుపెడితే, ఫినిష్ పోయిందని చాలామంది అనుకుంటారు. ఇస్త్రీ పెట్టి చూస్తే మళ్లీ బొట్లు జారతాయి. నీటిలో నానినప్పుడు లోపలికి తిరిగిపోయిన గొలుసులు వేడికి మళ్లీ పైకి నిలబడతాయి. ఇంకో సంగతి, సబ్బు సరిగ్గా జాడించకపోతే ఎంత మంచి ఫినిష్ అయినా స్ప్రే పరీక్షలో తప్పుతుంది. కాబట్టి గుణం పోయిందా, కప్పబడిందా, పక్కకు తిరిగిందా అని వేరు చేసి చూడకుండా పూత పాడైందని రాయకండి.

గుంటూరు_సెన్సర్
ఇది నాకు పూర్తిగా కొత్త విషయం. ఫ్లోరిన్ వాడకూడదని మా గైడ్ ముందే చెప్పారు, పొలంలో పెట్టేది కాబట్టి నాకూ అదే సబబనిపించింది. పంతులు గారూ, శిఖరాలు బలహీనమన్నారు. శిఖరాలను కాపాడే మార్గం ఏదైనా ఉందా?

డ్రెస్డెన్_తెలుగు
ఉంది. మట్టిలో బతికే స్ప్రింగ్‌టెయిల్ అనే అతి చిన్న జీవి చర్మం చూడండి. అది చర్మంతోనే ఊపిరి పీల్చుకుంటుంది, కాబట్టి తడిస్తే చస్తుంది. పైగా రోజంతా మట్టి రేణువుల మధ్య ఒరుసుకుంటూ తిరగాలి. దాని చర్మం మీద విడివిడి స్తంభాలు ఉండవు, తేనెపట్టులా ఒకదానితో ఒకటి కలిసిన గట్లు, వాటి మధ్య మూసుకున్న గుంటలు ఉంటాయి. గట్టు పైఅంచు కొద్దిగా బయటికి వాలి ఉంటుంది, అందువల్ల నీరే కాదు, తక్కువ తలతన్యత ఉన్న ద్రవాలు కూడా లోపలికి సులభంగా దిగలేవు. విడి స్తంభాన్ని పక్కకు నెడితే విరుగుతుంది, వలలా కలిసిన గట్టును నెడితే పక్క గట్లు ఆనుగా నిలుస్తాయి. ఇక్కడి పాలిమర్ పరిశోధన సంస్థలో కార్‌స్టెన్ వెర్నర్ బృందం ఆ చర్మం నమూనాతో పాలిమర్ పొరలు తయారు చేసింది.

ఇదే ఆలోచనకు పెద్ద రూపం 2020లో నేచర్ పత్రికలో వచ్చింది. చైనాలోని చెంగ్డు నగరంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయం, ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి చేసిన పని అది. సూక్ష్మమైన తలకిందుల పిరమిడ్ గుంటల చట్రం చెక్కి, నీటిని తోసే నానోకణాలను ఆ గుంటల లోపల ఉంచారు. శాండ్‌పేపర్ అయినా ఉక్కు బ్లేడు అయినా చట్రం అంచుల మీద ఆనుతుంది తప్ప గుంటలో ఉన్న కణాల దాకా చేరదు. చట్రం మోయాలి, కణాలు తోయాలి అని పనులు విడదీశారు. సిలికాన్, గాజు, లోహం, పింగాణీ మీద వాళ్లు చూపించారు. పాలీప్రొపిలీన్ అయితే వేడి అచ్చుతో గుంటలు ఒత్తడం ఇంకా తేలిక.

పాలిమర్_పంతులు
డ్రెస్డెన్ గారు చెప్పింది బాగుంది. చట్రం అంచులు కూడా నీటిని తాకుతాయి కనుక ఘనపదార్థ భాగం కొంత పెరుగుతుంది. ఐదో వంతు తాకినా లెక్క ప్రకారం 150 డిగ్రీలు దక్కుతాయి. ఆ ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు వదులుకోవడానికి ఎవరూ వెనకాడకూడదు.

గుంటలు ఒత్తే సౌకర్యం లేకపోతే ఇంకో దారి ఉంది. ఇప్పుడు మీ సిలికా ప్లాస్టిక్ మీద ఊరికే కూర్చుని ఉంది, రెండింటినీ పట్టి ఉంచేది ఏమీ లేదు. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది. దానికి కాస్త దిగువన, పైపొర మెత్తబడిన దశలో కణాలను హాట్ ప్రెస్‌తో ఒత్తితే సగం లోపల, సగం బయట ఇరుక్కుంటాయి. మరీ వేడెక్కితే మొత్తం మునిగిపోతాయి, అప్పుడు మామూలు ప్లాస్టికే మిగులుతుంది. టర్కీలో ఎర్బిల్ బృందం 2003లో అసలు కణాలే లేకుండా, వేడి జైలీన్‌లో కరిగించిన పాలీప్రొపిలీన్‌కు అది కరగని ద్రావణిని చేర్చి ఆరబెట్టి, 160 డిగ్రీల స్పర్శకోణం సాధించింది. పదార్థం ఒక్కటే కాబట్టి పూతకూ పలకకూ పొత్తు కుదురుతుంది. జైలీన్‌తో పని మాత్రం ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కిందే చేయండి.

కొలత_ముఖ్యం
శాండ్‌పేపర్ మాట వచ్చింది కాబట్టి: మసాచుసెట్స్‌లో రోథ్‌స్టీన్ బృందం 2010లో మామూలు టెఫ్లాన్ పలకను 240 నంబరు శాండ్‌పేపర్‌తో గీరింది. 150 డిగ్రీలు వచ్చాయి, కదిలే బొట్టు ముందంచు కోణానికీ వెనకంచు కోణానికీ తేడా 4 డిగ్రీలే, అంటే బొట్టు తేలిగ్గా జారుతుంది. ఇతర పూతలను నాశనం చేసే ఒరిపిడే ఇక్కడ గరుకుదనాన్ని పుట్టించింది. పైపూతగా కాకుండా పలక మందమంతా ఒకే గుణం ఉంటే, అరిగిన కొద్దీ కొత్త గరుకు బయటపడుతుంది. టెఫ్లాన్ కూడా ఫ్లోరిన్ పదార్థమే కనుక మీకు పనికిరాదు, కానీ సూత్రం పనికొస్తుంది. పాలీప్రొపిలీన్ గుళికలతో పాటే జలవికర్షక సిలికాను కలిపి మూతను పోత పోయించి, పైభాగాన్ని గీరి చూడండి.

వాన_లెక్క
అందరూ వేలి గురించి, శాండ్‌పేపర్ గురించి మాట్లాడుతున్నారు. పొలంలో మూతను ఎవరు రుద్దుతారు? దాని మీద పడేది వాన. పెద్ద చినుకు దాదాపు సెకనుకు 9 మీటర్ల వేగంతో వచ్చి తగులుతుంది, అంటే 40 కిలోపాస్కల్‌ల ఒత్తిడి. తగిలిన క్షణంలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. 10 మైక్రాన్ల రంధ్రంలోకి నీరు చొరబడకుండా తలతన్యత ఆపగలిగేది 10 కిలోపాస్కల్‌లు మాత్రమే. అదే ఒక మైక్రాన్ రంధ్రమైతే 100 కిలోపాస్కల్‌ల దాకా ఆపుతుంది. కాబట్టి డ్రెస్డెన్ గారు చెప్పిన చట్రం గుంటలు వట్టివిగా ఉంటే మొదటి వానకే నిండిపోతాయి. గుంటల లోపల నానో గరుకుదనం తప్పనిసరి. తామరాకులో బొడిపెల మీద మళ్లీ గొట్టాలు ఎందుకు ఉన్నాయో ఈ లెక్క వేస్తే తెలుస్తుంది.

ఆకుల_పరిశీలన
వాన కన్నా మంచు ప్రమాదకరం. చినుకు పైనుంచి పడుతుంది, మంచు మాత్రం సందుల లోపలే పుడుతుంది. తామరాకు మీద ఆవిరి చల్లబడి నీరుగా మారేలా చేస్తే అది కూడా తన గుణాన్ని కోల్పోతుందని 2005లోనే చూపించారు. గుంటూరు వైపు పుష్య, మాఘ మాసాల్లో పొద్దున్నే మూత ఎలా ఉంటుందో చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

ప్రకృతిలో గాలిని పట్టి ఉంచడంలో మేటి సాల్వీనియా అనే నీటి ఫెర్న్, కేరళలో కాలువలనూ వరి పొలాలనూ కమ్మేసిన కలుపు. దాని ఆకు మీద వెంట్రుకలు నాలుగేసి కలిసి కొసల దగ్గర ముడిపడతాయి. వెంట్రుక అంతా మైనం, కొస మాత్రం నీటిని అంటించుకుంటుంది. ఆ కొసలు నీటి పొరను పట్టుకుని ఉంచడం వల్ల గాలి బుడగ జారిపోదు, వారాల తరబడి మునిగి ఉన్నా లోపల పొడిగా ఉంటుంది.

మేఘాలయ_పీజీ
గరుకే లేకుండా చేసే మార్గం ఎవరూ ఎత్తలేదు. ఇక్కడి కొండల్లో నెపెంథిస్ అనే కుండ మొక్క ఉంది. దాని అంచు తడిసినప్పుడు చీమ కాలు మోపితే నేరుగా లోపలికి జారుతుంది. దాన్ని చూసి హార్వర్డ్‌లో ఐజెన్‌బర్గ్ బృందం 2011లో సచ్ఛిద్రమైన ఉపరితలంలో నూనె నింపి, దాని మీద నీరూ నూనెలూ రెండూ జారేలా చేసింది. గీత పడినా నూనె పారి పూడుకుంటుంది.

విశాఖ_లైన్లు
నూనె ఆవిరవుతుంది, వానకు కొట్టుకుపోతుంది, దుమ్మును పట్టుకుంటుంది. పొలంలో అది వద్దు.

మేఘాలయ_పీజీ
నూనె బదులు గొలుసులనే ఒక కొసతో ఉపరితలానికి కట్టేసే పద్ధతి కూడా వచ్చింది. 2016లో వాంగ్, మెకార్తీ గాజు మీద సిలికోన్ గొలుసులను బ్రష్‌లా నాటారు. స్పర్శకోణం 104 డిగ్రీలే, కానీ ముందు వెనక కోణాల తేడా ఒక డిగ్రీకి మించలేదు. బొట్టు చదునుగా కూర్చుంటుంది, అయినా జారిపోతుంది. సందులే లేవు కాబట్టి ఆకుల_పరిశీలన గారు చెప్పిన మంచు దూరడానికి చోటే ఉండదు.

పాలిమర్_పంతులు
గాజు మీద నాటడం తేలిక, ఎందుకంటే గొలుసు పట్టుకోవడానికి అక్కడ హైడ్రాక్సిల్ గుంపులు ఉన్నాయి. పాలీప్రొపిలీన్‌లో అలాంటి పట్టు ఏదీ లేదు, ముందు ప్లాస్మాతో (విద్యుత్తుతో ఉత్తేజపరిచిన వాయువుతో) శుద్ధి చేసి పలుచటి సిలికా పొర వేయాలి. ఇంకో మాట కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే దీన్ని అందరూ మరిచిపోతారు. స్థిరీకరణ చేయని పాలీప్రొపిలీన్ ఎండలో ఆక్సీకరణ చెంది పొడిపొడిగా రాలుతుంది. కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి పొడో, ఎండను తట్టుకునే స్టెబిలైజరో లేకపోతే పూత ఎంత గట్టిదైనా కింద పలకే ఊడిపోతుంది.

మిరప_రైతుబిడ్డ
ఇంతసేపూ చదివాక ఒకటి అడగాలనిపించింది. మిరపకు పురుగు మందు ఎన్నిసార్లు కొడతామో మీకు తెలుసా? ఆకుకు మందు అంటాలని ట్యాంకులో స్టిక్కర్ కలుపుతాం. ఆ మందు మీ పెట్టె మీద కూడా పడుతుంది. ఆకు మీద పరుచుకునేది మూత మీద పరుచుకోదా?

వాన_లెక్క
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన అన్నిటికన్నా పదునైన ప్రశ్న ఇదే. శుద్ధమైన నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్‌లు. స్టిక్కర్ కలిపిన ద్రావణంలో అది సగానికి పడిపోతుంది. నేను పైన ఇచ్చిన అంకెలన్నీ నీటికి సంబంధించినవి, మందు ద్రావణానికి అవి వర్తించవు. సందుల్లోకి దిగి, ఆరి, స్టిక్కర్‌ను లోపలే వదిలితే తర్వాత పడే వాన నీరు కూడా అంటుకుంటుంది.

సూరత్_ఫినిషింగ్
నేను సబ్బు గురించి చెప్పింది సరిగ్గా ఇదే. జాడిస్తే పోయేదా, ఉండిపోయేదా అన్నది తేలాలి.

డ్రెస్డెన్_తెలుగు
అంచులు బయటికి వాలిన గట్లు ఇక్కడ కొంత సాయపడతాయి, కానీ ఫ్లోరిన్ లేకుండా పూర్తి రక్షణ ఇస్తాయని మాట ఇవ్వలేను. మేఘాలయ_పీజీ గారు చెప్పిన బ్రష్ తరహా నునుపు పొర మీద మందు పరుచుకున్నా, వాన వచ్చాక కడుక్కుపోయే అవకాశం ఎక్కువ. గరుకు పూతలో ఇరుక్కున్నది అలా పోదు.

గుంటూరు_సెన్సర్
రెండు నమూనాలు చేస్తాను. ఒకటి గుంటలు ఒత్తి లోపల సిలికా ఇరికించిన పాలీప్రొపిలీన్, రెండోది ప్లాస్మా శుద్ధి మీద నునుపైన సిలికోన్ గొలుసులు. రెండింటికీ కార్బన్ బ్లాక్ ఉన్న పలకే వాడతాను. శాండ్‌పేపర్ పరీక్ష చివరికి నెట్టి, ముందు ఎండ, ఆ తర్వాత మంచు, ఆ తర్వాత స్టిక్కర్ కలిపిన మందు కొట్టి ఆరబెట్టడం, ఆ తర్వాత ఏమీ కలపని నీటితో కడగడం, ప్రతి దశ తర్వాత జారుడు కోణం కొలవడం అన్న వరుసలో పెడతాను. విశాఖ_లైన్లు గారి స్ప్రే సీసా తనిఖీని పొలంలోనే చేయవచ్చు కాబట్టి అది కూడా చేరుస్తాను.

మిరప_రైతుబిడ్డ
కడిగే నీళ్లు డిస్టిల్డ్ వాటర్ వాడకండి. మా దగ్గర బోరు నీళ్లు ఆరితే బకెట్‌కు తెల్లగా చార కడుతుంది. మీ మూత మీదకు వచ్చేది అదే నీరు. కావాలంటే ఒక డబ్బా పట్టి పంపిస్తాను.

కొలత_ముఖ్యం
ఆ డబ్బా తప్పకుండా తెప్పించుకోండి. కడగకముందూ కడిగాకా రెండు అంకెలూ ఇక్కడే పెట్టండి, బొట్టు పరిమాణం మాత్రం మార్చకండి.